సింహళమునకు ఏ నెలలో పోవలెను?

మా తిరుమలగిరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుల గది గోడమీద భారతదేశపు పటమొకటి వ్రేలాడుచుండును. అంచులు చినిగి, మడతలవద్ద రంగు వెలిసిన పాత పటము. దాని అడుగుభాగమున, సముద్రపు నీలములో, శ్రీలంక ఒక నీటిబొట్టువలె కనబడును. కృష్ణానది ఒడ్డునుండి ఆ బొట్టువరకు సన్నని మరక యొకటి కలదు. అది సిరా కాదు. బెత్తపు కొన ఒరిసి ఒరిసి పడిన గీత. మా సాంఘికశాస్త్రోపాధ్యాయుడు నాగార్జునకొండ పాఠము చెప్పునప్పుడెల్ల ఆ పటమును తరగతికి తీసికొనిపోయి, బెత్తమును మొదట విజయపురిమీద ఉంచి, అక్కడనుండి సముద్రము మీదుగా సింహళమువరకు లాగును. ముప్పది యేండ్లనుండి లాగుచున్నాడు.

తిరుమలగిరి అనగానే చదువరులు సూర్యాపేట వైపున ఉన్న పెద్ద ఊరిని తలచుకొందురేమో. నల్లగొండ సీమలో ఆ పేరుగల ఊళ్లు ఒకటికంటె ఎక్కువ ఉన్నవి. నేను చెప్పుచున్నది నాగార్జునసాగరము వైపున ఉన్న తిరుమలగిరి. మాకు సాగరపు నీళ్లు పొరుగు. ఆ నీళ్ల నడుమ మిగిలిన నాగార్జునకొండ మా పిల్లలు విహారయాత్రకు పోవు మొదటి ద్వీపము.

ఆ మిత్రునికి కొంతకాలముగా కంటిచూపు తగ్గుచున్నది. గ్లకోమా అని వైద్యులు తేల్చినారు. పోయిన చూపు మరల రాదు, ఉన్నదానిని మందులతో నిలుపుకొనవలెను అని చెప్పినారు. వచ్చు సంవత్సరము ఆయనకు పదవీ విరమణ. ఒకనాటి మధ్యాహ్నము భోజనపు డబ్బా మూత పెట్టుచు ఆయన నాతో ఇట్లనెను: “సారూ, అనురాధపురం ఏడికి పోదు, వానలు ఏడికి పోవు. నా కండ్లే ఆగుతట్టు లేవు. ఈ ఎండకాలం పోయొద్దాం. ఏ నెలల పోవాల్నో లెక్క నువ్వు చెయ్యి.”

నేను గణితము చెప్పువాడను. లెక్క నాకు అప్పగించుటలో వింత లేదు. కాని ఆ లెక్క ఒకసారి తప్పిన లెక్క. 2024 దసరా సెలవులలో మేము నలుగురము శ్రీలంకకు పోయి, అనూరాధపురము చూడకయే తిరిగి వచ్చితిమి. ఆ సంగతి ముందుగా చెప్పవలెను.

మాకు యాత్ర కుదిర్చిన ఏజెంటు ‘అక్కడ పన్నెండు నెలలును విహారయోగ్యమే’ అని చెప్పినాడు. అది అబద్ధము కాదు, అర్ధసత్యము. ద్వీపములో ఎక్కడో ఒకచోట ఎప్పుడును ఎండ కాయుచుండును. మనము ఉన్నచోట కాయునా అన్నదే ప్రశ్న. మా కార్యక్రమములో కొలంబో మొదటిది, తరువాత దక్షిణ సముద్రతీరము, తరువాత కాండీ, అన్నింటికిని చివర రెండు దినములు అనూరాధపురము. ఉదయమంతయు నిర్మలముగా ఉండెడిది. మధ్యాహ్నము రెండు గంటలకు ఆకాశము నల్లబడెడిది. మూడింటికి ఉరుములు, రాత్రి పొద్దుపోవువరకు వాన. కాండీలో మూడు దినములు గదికిటికీలోనుండి సరస్సును చూచుచు గడపితిమి. అంతలో పశ్చిమ మండలములలో కుండపోతగా కురిసి కొలంబో శివార్లు వరదపాలైనవి. తిరుగు విమానము తప్పునేమోనను భయముతో చివరి రెండు దినములు కొట్టివేసి విమానాశ్రయపు దారి పట్టితిమి. మిత్రుడు దారిపొడుగునను ఒక్క మాట మాటాడలేదు. ఇంటికి వచ్చిన తరువాత మాత్రము, “చివరికి పెట్టుకున్నం సూడు, అదీ మన తప్పు” అనెను.

ఆయన అనూరాధపురమునకే ఎందుకు పోవలెననుచున్నాడో తెలియుటకు మా కొండను గూర్చి కొంచెము చెప్పవలసి యున్నది. ఇక్ష్వాకు రాజులు విజయపురి రాజధానిగా ఏలుచుండిన కాలమున, వీరపురుషదత్తుని 14వ పాలన సంవత్సరమున, బోధిశ్రీ అను ఉపాసిక చుళధమ్మగిరిమీద ఒక చైత్యగృహము కట్టించి శాసనము వేయించినది. అది మూడవ శతాబ్దము. ఆ చైత్యగృహము తామ్రపర్ణీయులైన, అనగా సింహళమునకు చెందిన, ఆచార్యులకు అంకితము. ఆ ఆచార్యులు కాశ్మీరము, గాంధారము, చీన, వంగము, వనవాసి మొదలుగా ఎన్ని దేశముల జనులకు ధర్మము చెప్పినారో శాసనము వరుసగా పేర్కొనుచున్నది. అంతియే కాదు, సింహళ విహారమున బోధివృక్షమునకు ఒక ప్రాసాదము, పూర్వశైలమున ఒక చెరువు, కంటకశైలమున ఒక రాతి మండపము ఆమె కట్టించిన ధర్మకార్యములలో ఉన్నవి. కంటకశైలమనగా కృష్ణాతీరమందలి నేటి ఘంటసాల, ఆనాటి రేవు.

కృష్ణాలోయలో సింహళ భిక్షువులకొక విహారము, అందులో ఒక బోధివృక్షము! అనూరాధపురమున ఉన్న మహాబోధివృక్షము అశోకుని కుమార్తె సంఘమిత్ర బుద్ధగయనుండి కొనిపోయిన కొమ్మనుండి పెరిగినదని సింహళ చరిత్రలు చెప్పును. దేవానాంప్రియ తిష్యుని కాలమున, క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున నాటిన ఆ చెట్టు నేటికిని నిలిచి యున్నది. మనవైపు చెట్టు ఏనాడో పోయినది, ప్రాసాదము శిథిలమైనది, 1926లో ఆ శిథిలములు పండితుల కంటబడినవి, 1954 నుండి 1960 వరకు పెద్దయెత్తున త్రవ్వకములు జరిగినవి, 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన ఆనకట్ట లేచి లోయను నింపినది. మా అమ్మ పుట్టిల్లు ఏలేశ్వరము. అదియు ఆ నీళ్లలోనే ఉన్నది. చెట్టు ఉన్నచోటికి పోయి చూడవలెనని మిత్రుని కోరిక. ఆ కోరికలో నాకు అతిశయోక్తి ఏమియు కనబడలేదు.

ఇక లెక్కకు వత్తును.

శ్రీలంక వైశాల్యము 65,610 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణములో అయిదింట మూడువంతులకు కొంచెము తక్కువ. ఇంత చిన్న దేశములో వాతావరణము గడియకొక తీరుగ, మజిలీకొక తీరుగ మారుటకు కారణములు రెండు. ఒకటి, దేశము నడుమ నిలిచిన పర్వతములు. పిదురుతలాగల శిఖరము 2,524 మీటర్లు. సముద్రమునుండి నూరు కిలోమీటర్ల లోపలనే అంత ఎత్తు లేచును. రెండవది, ఆ ద్వీపమునకు వాన రెండు దిక్కులనుండి వచ్చుట. మన నల్లగొండకు వాన ముఖ్యముగా ఒకే వాకిటినుండి వచ్చును. మృగశిరనుండి చూచుచుందుము, నైరృతి కరుణించిన పంట, లేకున్న లేదు. వారికి రెండు వాకిళ్లు. మే మాసాంతమునుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము పశ్చిమ, దక్షిణ భాగములను, కొండల పడమటి చరియలను తడుపును. డిసెంబరునుండి ఫిబ్రవరి వరకు ఈశాన్య ఋతుపవనము తూర్పు, ఉత్తర భాగములను తడుపును. ఒకరి వాన మరొకరి ఎండ. ఈ రెండింటి నడుమ మార్చి, ఏప్రిల్ మాసములు ఒక సంధి. అక్టోబరు, నవంబరు మరొక సంధి.

సంధికాలమనిన శాంతికాలమని భ్రమపడరాదు. మేము పడినది ఆ భ్రమయే. సంధికాలములో నిలుకడగా వీచు గాలి ఉండదు. ఉదయపు ఎండకు నేల వేడెక్కి, సముద్రపు గాలి తీరమునుండి లోనికి వచ్చి కొండలవద్ద పైకి లేచి, మధ్యాహ్నము ఉరుములతో కురియును. అక్టోబరు, నవంబరు సంధిలో దీనికి తోడు బంగాళాఖాతపు వాయుగుండములు చేరును. 1964 డిసెంబరులో ధనుష్కోటిని తుడిచిపెట్టిన తుఫాను, 1978 నవంబరులో మట్టక్కళప్పును కూల్చిన తుఫాను, 2025 నవంబరు మాసాంతమున వరదలతోను కొండచరియల పతనముతోను వందలాది ప్రాణములు తీసిన దిత్వా తుఫాను, అన్నియు సంవత్సరాంతపు బిడ్డలే. ఏప్రిల్ సంధిలో ఉరుములు మాత్రము ఉండును, తుఫానులు అరుదు. రెండు సంధులు పటముమీద ఒకే తీరుగ కనబడినను, ప్రయాణికునికి ఒకటి కాదు.

కొండలు చేయు చిత్రమును ఒక్క సొరంగము చాలినంతగా చూపును. కాండీనుండి బదుళ్లకు పోవు రైలుమార్గములో పట్టిపొల, ఒహియ అను స్టేషనుల నడుమ దారి 1,898 మీటర్ల ఎత్తునకు చేరును. అచ్చటనే ఒక సొరంగము. నైరృతి ఋతుపవన కాలములో బండి ఇవతలి నోట ప్రవేశించునప్పుడు మంచు, తుంపర, చలి. అవతలి నోట బయటపడునప్పుడు నీలాకాశము, ఎండ. రైలు కదిలినది కొన్ని వందల మీటర్లే. పడమటినుండి వచ్చిన గాలి కొండనెక్కుచు చల్లబడి తన నీటినంతయు అక్కడనే దింపుకొని, తూర్పున దిగునప్పుడు పొడియై వేడెక్కును. ఆ వేడిగాలికి తూర్పు తీరమువారు ‘కచ్చాన్’ అని పేరు పెట్టినారు. తొమ్మిదవ తరగతి పిల్లలకు ‘వర్షచ్ఛాయా ప్రాంతము’ అని నల్లబల్లమీద బాణములు గీసి చెప్పునది ఇదియే. కొండల పడమటి చరియలలో కొన్నిచోట్ల ఏటికి 5,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియగా, మన్నారు, హంబన్‌తోట ప్రాంతములలో సుమారు 1,000 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. మన నల్లగొండలో 750 మిల్లీమీటర్ల ప్రాంతము. వారి ఎండుసీమ మనకు తడిసీమయే సుమా!

మన సెలవులను ఈ గాలులతో కలిపి చూచితిని. ఉపాధ్యాయునికి తన ఇష్టము వచ్చిన నెల లేదు. ప్రభుత్వము ఇచ్చిన నెలయే నెల. దసరా అక్టోబరులో వచ్చును. దాని ఫలము అనుభవించితిమి. సంక్రాంతి సెలవులు జనవరిలో. అప్పుడు కొలంబో, గాలె, పశ్చిమ తీరము దివ్యముగా ఉండును, కాని ఈశాన్యపు వాన అనూరాధపురమువైపు ఇంకను పూర్తిగ వీడదు. పైగా ఆ సెలవులు వేళ్లమీద లెక్కపెట్టదగినవి. మిగిలినది వేసవి. ఏప్రిల్ నాలుగవ వారమునుండి జూన్ రెండవ వారము వరకు. అందులోను మే సగము దాటినదన్న నైరృతి వాకిలి తట్టును. కావున ఏప్రిల్ చివరి వారమునుండి మే మొదటి వారము వరకు, ఇంచుమించు పదునైదు దినముల సందు. ఆ సందులో దూరవలెను.

ఈ సందుకు మరియొక గుణము కలదు. సింహళ, తమిళ నూతన సంవత్సరము ఏప్రిల్ 13, 14 తేదులలో వచ్చును. ఆ వారమంతయు అంగళ్లు మూతబడును, జనులందరు స్వగ్రామములకు పోవుదురు, నువర ఎలియలో గది దొరకదు. మన సెలవులు మొదలగునాటికి ఆ సందడి అణగును. శ్రీపాద శిఖరమునకు యాత్రాకాలము డిసెంబరు పౌర్ణమినుండి మే మాసపు వైశాఖ పౌర్ణమి వరకు. అదియు అప్పటికి ముగియకుండును. కాని 2,243 మీటర్ల ఆ కొండను అర్ధరాత్రి మెట్లమీదుగా ఎక్కుట మా మిత్రునివంటివారికి తగదు. దానిని కొట్టివేసితిని. ఆయన ఆక్షేపింపలేదు.

ఈ నెలను నిర్ణయించిన తరువాత విద్యార్థులకు పనికివచ్చు ఒక లెక్క స్ఫురించినది. సూర్యుడు నడినెత్తికి వచ్చి, నిట్టనిలువు కర్రకు మధ్యాహ్నము నీడ లేకుండపోవు దినము అక్షాంశమును బట్టి మారును. కొలంబోకు ఆ దినము ఏప్రిల్ మొదటి వారాంతమున. అనూరాధపురమునకు ఏప్రిల్ 12 ప్రాంతమున. మన సాగరతీరమునకు మే 6, 7 తేదుల ప్రాంతమున. అనగా సూర్యుడు సింహళమును దాటి మనవైపు నడచి వచ్చుచుండగా, మనము ఆయనకెదురుగా నడచి పోవుదుము. అప్పటికి అనూరాధపురమున ఎండ 33, 34 డిగ్రీలు. నల్లగొండలో 42 డిగ్రీలు తిన్నవారికి అది వసంతకాలమే. ఐనను గాలిలో తేమ ఎక్కువ; చెమట ఆరదు. అన్నింటికంటె ముఖ్యముగా స్తూపముల ఆవరణలలో చెప్పులు విడువవలెను. పదిగంటలకే రాతిపలకలు పెనమువలె కాలును. తెలిసినవారు మందపు మేజోళ్లు తొడుగుకొందురు, లేక తెల్లవారుజామున పోవుదురు. మేము రెండును చేయదలచితిమి.

కార్యక్రమమును తలక్రిందులు చేసితిని. విమానాశ్రయము ఉన్నది కటునాయకలో, కొలంబోకు ఉత్తరమున. అక్కడ దిగినవాడు కొలంబో మొగము చూడకయే నాలుగైదు గంటలలో అనూరాధపురము చేరవచ్చును. మొదటి రాత్రి అక్కడ, రెండవ దినమంతయు అక్కడ, మూడవ దినము సైతము అక్కడనే. వాన వచ్చి తరువాతి యాత్ర యావత్తు చెడిపోయినను చెట్టు చూచినట్లే. చిత్రమేమన, పూర్వపు యాత్రికుని మార్గము సరిగా ఇదియే. 1914లో పాంబను వంతెన కట్టిన తరువాత మద్రాసునుండి రైలులో ధనుష్కోటికి, అక్కడనుండి ఓడలో తలైమన్నారుకు, మరల రైలులో కొలంబోకు పోవుచుండెడివారు. ఆ రైలు అనూరాధపురము మీదుగనే పోవును. 1964 తుఫాను ధనుష్కోటిని సముద్రమున కలిపిన తరువాత ఆ దారి మునుపటి వైభవమునకు రాలేదు. 2023 అక్టోబరులో నాగపట్టణమునుండి కాంకేసన్‌తురైకి ఓడ మొదలైనది. సముద్రము పోటుగానున్న మాసములలో అదియు నిలిచిపోవును. కంటిజబ్బువానిని వెంటబెట్టుకొని ఓడమీది ఆశతో పోలేము. హైదరాబాదునుండి విమానమున రెండు గంటలు; అదియే నిశ్చయించితిమి.

ఏ నెలలో పోవలెనను ప్రశ్న మనతో పుట్టినది కాదు. అయిదవ శతాబ్దారంభమున చీనా భిక్షువు ఫాహియాను తామ్రలిప్తి రేవునుండి సింహళమునకు పోవుటకు శీతకాలారంభపు గాలికొరకు వేచియుండి, ఆ గాలి తెరచాపలకు తగులగా పదునాలుగు అహోరాత్రములలో ద్వీపము చేరినాడు. ఘంటసాల రేవునుండి పోయిన మన భిక్షువులును వర్తకులును ఈశాన్యపు గాలితో దిగి నైరృతిగాలితో తిరిగివచ్చియుండవలెను. తెరచాప ఓడకు వేరు దారి లేదు. వారికి గాలి వాహనము, మనకు విఘ్నము. అంతే భేదము.

అనూరాధపురములో చెట్టు కాక ఏమి చూడవలెనని తక్కిన ఉపాధ్యాయ మిత్రులు అడిగినారు. దుట్టగామణి కట్టించిన రువన్‌వెలి స్తూపము కలదు. మహాసేనుడు మూడవ శతాబ్దాంతమున మొదలిడిన జేతవన స్తూపము పూర్వము 120 మీటర్ల ఎత్తుండెడిది. అది మన ఇక్ష్వాకుల చివరి కాలమునకు ఇంచుమించు సమకాలికము. ఆంధ్రదేశపు సున్నపురాతిమీద చెక్కిన శిల్పములు ఆ ద్వీపమున దొరకినవి. అర్ధచంద్రాకారపు రాతిమెట్లు, సోపానములు చూచినప్పుడు నాగార్జునకొండ ప్రదర్శనశాల జ్ఞప్తికి రాకపోదు. కాని నా దృష్టిలో మన పిల్లలకు చెప్పదగినవి చెరువులు. అక్కడ చెరువును ‘వెవ’ అందురు. అయిదవ శతాబ్దమున ధాతుసేనుడు కట్టించిన కలావెవ, పన్నెండవ శతాబ్దమున పరాక్రమబాహువు పొలన్నరువలో కట్టించిన పరాక్రమ సముద్రము చూచినవాడు మన పాకాల, రామప్పలను తలచుకొనక మానడు. పైచెరువు అలుగు పారి క్రిందిచెరువు నిండునట్లు వరుసగా కట్టిన మన గొలుసుకట్టు చెరువులవంటివే ఆ ఎండుసీమ పల్లెలలోను ఉన్నవి. ఆ పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వములలో చేర్చినది. మన తూమువద్ద నీటి వేగమును అణచుటకు వారు కట్టిన రాతిబావిని ‘బిసోకొటువ’ అందురు. వాన నిలుకడలేని సీమలలో మనుష్యులు ఎక్కడనైనను ఒకే తీరుగ ఆలోచించినారు.

ఆ జిల్లాలోనే తంబుత్తేగమ సమీపమున కుడాగమ అను పల్లె కలదు. అందున్న అహికుంటికులు పాములాడించుట, చేతులు చూచి జోస్యము చెప్పుట కులవృత్తిగా ఊరూర తిరిగినవారు. వారి ఇంటిభాష తెలుగు. ఎప్పుడు పోయినారో, ఏ ఊరినుండి పోయినారో వ్రాసిపెట్టుకొన్న జాతి కాదు. దారిలో ఆగవలెనని మిత్రుడు పట్టుబట్టినాడు. ఆగవచ్చును, కాని మనుష్యులను చూచుటకు పోవుట శిథిలములను చూచుటవంటిది కాదని, పలుకరించి వారు మాటాడిననే మాటాడవలెనని నేను చెప్పితిని.

నాలుగవ దినము దంబుల్ల గుహలు, సిగిరియ. సిగిరియ శిలపైకి సుమారు 1,200 మెట్లు. అయిదవ శతాబ్దాంతమున కాశ్యపుడు దానిపై కోట కట్టుకొన్నాడు. ఉదయము ఏడుగంటలకు ఎక్కి పదింటికి దిగవలెను; మిత్రుడు క్రింది ఉద్యానములలో కూర్చుండును. అయిదవ దినము కాండీ. ఈ నగరముతో మనకు మరొక సంబంధము. 1739 నుండి 1815 వరకు కాండీ సింహాసనము నెక్కిన నలుగురు రాజులు మధురనుండి వచ్చిన నాయకవంశజులు, తెలుగు మూలమువారు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాము దేశమునుండి భిక్షువులను రప్పించి క్షీణించిన ఉపసంపద సంప్రదాయమును పునరుద్ధరించినాడు. కడపటి రాజైన శ్రీవిక్రమ రాజసింహుని 1815లో ఆంగ్లేయులు పట్టుకొని వేలూరు కోటకు పంపినారు. ఆయన 1832లో అక్కడనే మరణించినాడు. కిటికీలోనుండి మేము మూడు దినములు వానలో చూచిన సరస్సు ఆయన త్రవ్వించినదే. ఆనాడు ఆ సంగతి మాలో ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. వాన మనుష్యుని చరిత్రజ్ఞానమును సైతము తడిపివేయును కాబోలు.

కాండీ దాటిన తరువాత నేను నిశ్చయముగా ఏమియు వ్రాయలేదు. నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏప్రిల్ మధ్యాహ్నములలో అచ్చట ఉరుమని దినము తక్కువ. హోర్టన్ మైదానమునందలి ‘లోకాంతము’ అను కొండకొనకు పోదలచినవారు తెల్లవారకముందే బయలుదేరవలెను. తొమ్మిది, పది గంటలకు లోయలోనుండి మబ్బు లేచి తెల్లని తెర దించును. దిత్వా తుఫాను ఆ కొండ రైలుమార్గమును చాలచోట్ల దెబ్బతీసినది. కావున బండి ఎక్కడివరకు నడుచుచున్నదో బయలుదేరుటకు ముందు ఒకసారి, కాండీలో మరియొకసారి విచారింపవలెను. మూడు దినములు చేతిలో ఉంచుకొని, వాతావరణ శాఖవారి ప్రకటన చదివి, ఆనాటికానాడు నిర్ణయించుట. ఇది ప్రణాళిక కాదని మా వ్యాయామోపాధ్యాయుడు గేలి చేసినాడు. ఖాళీ దినము లేని ప్రణాళిక ఎట్లుండునో ఆయన 2024లో మాతో రాలేదు కనుక ఎరుగడు.

సామాను విషయము క్లుప్తముగా చెప్పుదును. పాసుపోర్టు గడువు ఇంకను ఆరు నెలలుండవలెను. ప్రయాణానుమతి ముందుగనే ఆన్‌లైనులో పొందవలెను. గడియారము మార్చనక్కరలేదు, 2006 నుండి వారి కాలము మన కాలమే. కొండలకు ఒక ఉన్నిచొక్కా, దేవాలయములకు భుజములు మోకాళ్లు కప్పు తెల్లని వస్త్రములు, గొడుగు ఒకటి, వానకోటు ఒకటి. గొడుగు కొండగాలికి తిరుగబడును, వానకోటు మైదానములో ఉడుకబెట్టును, రెండును కావలెను. బుద్ధవిగ్రహమునకు వీపు త్రిప్పి ఫోటో దిగరాదు. ఇది మర్యాద మాత్రమే కాదు, అచ్చటివారు దానిని నిజముగ నేరముగా ఎంచుదురు. ప్రతి పౌర్ణమియు అక్కడ సెలవుదినము. ఆనాడు అనూరాధపురమున జనసముద్రముండును. చెట్టును నెమ్మదిగా చూడదలచినవారు ఆ దినమును తప్పించుకొనవలెను. మిత్రుని కంటిచుక్కలమందు చల్లదనములో ఉండవలసినది; దానికొక చిన్న మంచుపెట్టె.

లెక్కయంతయు ఒక తెల్లకాగితముమీద వ్రాసి ఆయనకిచ్చితిని. కాగితమును కంటికి జానెడు దూరమున పట్టుకొని, నిదానముగా పైనుండి క్రిందికి చదివి, “అనురాధపురం ముందల పెట్టినవ్. ఇగ ఏదైనా కానీ” అనెను. ఆ తరువాత కొంచెము బిడియముగా మరొక మాట అడిగెను. నాగార్జునకొండనుండి కృష్ణనీళ్లు ఒక సీసాలో తీసికొనిపోవచ్చునా అని. మహాబోధివృక్షమున్న ఎత్తైన తిన్నెమీదికి భక్తులను పోనీయరు. కాని బోధివృక్షములకు కుండలతో నీళ్లు పోసి పూజించుట ఆ దేశమున నిత్యమైన ఆచారము. క్రింది ఆవరణలోనున్న చెట్లలో ఒకదాని మొదట పోయవలెనని ఆయన తలంపు.

చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లకు మించి ద్రవపదార్థము విమానములోనికి రానీయరనియు, పెద్దపెట్టెలో పెట్టుకొనవచ్చుననియు చెప్పితిని. మొన్నటి ఆదివారమున ఇద్దరము లాంచీలో కొండకు పోయి వచ్చితిమి. తిరుగు ప్రయాణములో, చుట్టును నీళ్లు తప్ప మరేమియు లేనిచోట, ఆయన లాంచీ అంచున వంగి అరలీటరు సీసా నింపినాడు. మూత నన్ను బిగింపుమన్నాడు.